పలుకు తగిలిన అన్నం

వేలు పెట్టి చూసినాడమ్మా, వాడు
గాయమందున వేలు పెట్టి చూసినాడు,
చూసినాక ఏలినవాడు...

అక్కడితో ఆగిపోయేది పాట. దీనమ్మ పరికిణీలు కట్టుకునే రోజుల్లో ఏటి నడుమ ఉన్న ఆ లంకలో ఆడవాళ్ళు వడ్లు దంచుతూ పాడిన పాట అది. 'ఏలినవాడు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి రోకలి దెబ్బ పడేది, ఆ తర్వాతి మాట ఆ దెబ్బ కింద నలిగిపోయేది. చనిపోయి లేచాడంటే నమ్మక, గాయంలో వేలు పెట్టి చూసిన ఆ శిష్యుణ్ణి ప్రభువు కోప్పడ్డాడో, దగ్గరికి తీసుకున్నాడో దీనమ్మకి ఏనాడూ తేలలేదు. పెద్దదై, మనవరాలు పుట్టాక, లోయిసమ్మగారి దగ్గర అక్షరాలు కూడబలుక్కుని బైబిలు వాక్యం తనంతట తానే చదువుకున్నాక కూడా ఆ సందేహం తీరలేదు. ఒకసారి చదివితే కోప్పడ్డట్టు ఉంటుంది, ఇంకోసారి చదివితే చెయ్యి చాచినట్టు ఉంటుంది. చిత్రం కాదూ, అవే అక్షరాలు.

ఆ గురువారం పొద్దున కూడా అదే పాట నోట్లో తిరుగుతుండగా దీనమ్మ చర్చి పక్కనున్న చిన్న ఇంటికి వెళ్ళింది. లోయిసమ్మగారు మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"వందనాలండి అమ్మగారూ. ఒక మాట అడగాలి."

"అడుగు."

"నమ్మకాన్ని తర్కం పెట్టి పరీక్షించొచ్చా, కూడదా? వేలు పెట్టి చూడటం తప్పా, ఒప్పా? ఒక్క మాటలో చెప్పండి."

లోయిసమ్మగారు ఒక్క మాటలో ఏదీ తేల్చే మనిషి కారు. మిషను బడిలో పంతులమ్మగా చేసి, ఉద్యోగం అయిపోయాక ఈ ఊళ్ళోనే ఉండిపోయి, ఆడవాళ్ళకి అక్షరాలూ వాక్యమూ నేర్పుతున్న పెద్దావిడ. ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా, అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇవ్వడం ఆమె అలవాటు. పరలోకం ఎక్కడుందని అడిగిన ఒకామె చేత పూటంతా చీపుళ్ళు కట్టించారట. ఆమెకి పరలోకం కనపడిందో లేదో గాని చర్చి మాత్రం అద్దంలా ఉంటోందని ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆవేళ కూడా ఆమె ప్రశ్న వినీ విననట్టు తన కుడిచెయ్యి ఎత్తి చూపించారు. మణికట్టు వాచి ఉంది.

"గిన్నె ఎత్తలేకపోతున్నాను దీనమ్మా. ఈ పూట వంట నువ్వు చేసి పెట్టు. ఏలీశమ్మనీ, కోడల్నీ కూడా భోజనానికి పిలిచాను."

కోడలు అన్న మాట వినగానే దీనమ్మ పెదాలు బిగుసుకున్నాయి. చిక్కుడుకాయల చేట చేతికి తీసుకుని లోపలికి నడిచింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, దీనమ్మ అడిగిన ప్రశ్నకి ఒక పేరుంది. కెజియా అని. ఏలీశమ్మ కొడుకుని చేసుకుని కిందటేడు పడవెక్కి లంకలోకి వచ్చిన పిల్ల. అంతకుముందు స్త్రీల కూడికలో లోయిసమ్మగారి పక్కన, కిటికీ వెలుతురు పడే చోటు దీనమ్మది. ఎవరో ఇచ్చింది కాదు, సంపాదించుకుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, చెమటలు పోసుకుంటూ చదివి, చదివినదాని మీద ప్రశ్న మీద ప్రశ్న వేసి సంపాదించుకున్న చోటు. కెజియా వేలు పెట్టకుండా చదివేది. నీళ్ళు పారినట్టు చదివేది. పైగా గొంతు బాగుంటుంది. లోయిసమ్మగారికి చూపు మందగిస్తోంది. రేపో మాపో కూడికలో వాక్యం చదివి చెప్పే పని ఇంకొకరికి అప్పగించక తప్పదు. ఆ ఇంకొకరు దీనమ్మే అని ఊరంతా అనుకునేది, అందరికంటే గట్టిగా దీనమ్మ అనుకునేది.

అంతలో తుపాను వచ్చింది. తుపాను వెళ్ళిపోయాక కెజియా కూడికలో లేచి, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. తెల్లవారుజామున గాలి హోరుమంటోంది, పెనిమిటి ఊళ్ళో లేడు, ఏం చెయ్యాలో తోచక ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. అప్పుడొక గొంతు వినపడింది. 'బయటికి రావే తల్లీ, గోడ నానిపోయింది, రావే' అని. ఒకసారి కాదు, పదే పదే. ఆమె లేచి బయటికి వచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ బయటపడ్డాక ఇంటి గోడ మంచం మీదికి కూలిపోయింది. అంతే సాక్ష్యం. కెజియా మెల్లగా, తల వంచుకుని చెప్పింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. లోయిసమ్మగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

దీనమ్మ ఆ గొంతు సంగతి మర్చిపోగలిగేదేమో గాని ఆ కళ్ళద్దాల సంగతి మర్చిపోలేకపోయింది. తను ఇన్నేళ్ళు ఇన్ని ప్రశ్నలు అడిగితే, మంచి ప్రశ్న అని తల ఊపారే గాని, ఆ అద్దాలు ఏనాడూ ఆమె ముక్కు మీంచి దిగలేదు. కూడిక అయ్యాక ఆడవాళ్ళు చెప్పులు వేసుకుంటూ, "ఇంక కూడిక కెజియాకే" అనుకోవడం చెవిన పడింది. వచ్చే ఆదివారం పట్నం నుంచి పాస్టరు అయ్యగారు వస్తున్నారని, ఆయన ముందు, సంఘమంతటి ముందు కెజియా సాక్ష్యం చెబుతుందని, ఆ రోజే కూడిక పని ఆమెకి అప్పగిస్తారని ఇంటికి చేరేలోపే తెలిసింది.

దీనమ్మ దాన్ని ఓర్వలేనితనం అనుకోలేదు. విచారణ అనుకుంది. ఆ పేరు పెట్టుకున్నాక మనసుకి హాయిగా ఉంది. కూర్చుని వరసగా ఆలోచించింది. గొంతు వినపడిందంటే చెవికి వినపడిందా, మనసుకి వినపడిందా? చెవికే అంటోంది. అంత హోరుగాలిలో చెవికి వినపడాలంటే గొంతు దగ్గర్లో ఉండాలి. దగ్గర్లో ఏముంది? ఏలీశమ్మ గోడకి అవతల నాంచారమ్మ పశువుల పాక ఉంది. నాంచారమ్మ వాళ్ళ సంఘం మనిషి కాదు, ఈ సాక్ష్యం ఎటు పోయినా ఆమెకి పట్టింపు లేదు. దీనమ్మ పెరుగు వంకతో గిన్నె పట్టుకుని వెళ్ళింది.

"తుపాను రోజు గట్టిగా అరిచినట్టున్నావు వదినా?"

"అరవక? చూలు గేదె. పాక ఊగుతోంది. ఎంత లాగినా కదిలితేనా. బయటికి రావే తల్లీ, గోడ నానిపోయింది, రావే అని కాళ్ళు పట్టుకుని బతిమాలా. మా ఆయన్ని కూడా ఏనాడూ అట్టా బతిమాలలా."

దీనమ్మ పెరుగు గిన్నె పట్టుకుని ఇంటికి వచ్చిందో, గాలిలో తేలుతూ వచ్చిందో ఆమెకే తెలియదు. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నట్టు ఆ మాటని నోట్లో దాచుకుని తిరిగింది. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం అందరి ముందూ లేచి, ఒక్క ప్రశ్న అడగాలనుకుంది. ఒక్కటంటే ఒక్కటే. కాని అలా అడగటం తప్పు కాదని ఎవరైనా పెద్దవాళ్ళ చేత అనిపించుకోవాలనిపించింది. అందుకని ఈ గురువారం వచ్చింది. వచ్చి తర్కం గురించి అడిగింది. గేదె గురించి అడగలేదు.

పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, బియ్యం కోసం చూసింది. మూల మేకుకి పిడికెడు బియ్యం సంచి వేలాడుతోంది. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు ప్రతి పూటా వంటకి బియ్యం కొలుచుకునేటప్పుడు దేవుడి పేర పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తారు. ఆదివారం ఆ ముంతలన్నీ తెచ్చి చర్చిలో ఒక సంచిలో పోస్తారు. లోయిసమ్మగారు తినేది ఆ అన్నమే. దీనమ్మ ముంత కూడా ప్రతి వారం ఆ సంచిలోకే పోతుంది. కాని ఆ బియ్యం వండటం ఆమెకి అదే మొదలు. లోయిసమ్మగారు ఎవరినీ పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కారు.

బియ్యం చేటలో పోసి చెరిగింది. కొన్ని తెల్లగా సన్నగా, కొన్ని ఎర్రగా లావుగా, కొన్ని నూక కలిసి ఉన్నాయి. కళ్ళు చూశాయి గాని మనసు చూడలేదు. మనసులో ఆదివారం నడుస్తోంది. తను లేస్తుంది. గొంతు ఏమన్నదో ఇంకోసారి చెప్పమ్మా అంటుంది. కెజియా చెబుతుంది. అప్పుడు తను ఒక్క పేరు చెబుతుంది. దాని తర్వాత చర్చిలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఊహించుకుంటూ బియ్యం కడిగి ఎసట్లో పోసింది. కాసేపటికి గరిటె నురుగులో ముంచి, పైనున్న ఒక మెతుకు తీసుకుని వేళ్ళ మధ్య నొక్కింది. వెన్నలా నలిగింది. గంజి వార్చేసింది.

అప్పటికి చేతికర్రతో ఏలీశమ్మా, ఆమె వెనకాల కెజియా వచ్చారు. ఏలీశమ్మ బక్కపలచటి మనిషి, నోట్లో పన్ను లేదు, ఆ లోటు మాట తీరుస్తుంది. లోయిసమ్మగారు ప్రార్థన చేశారు. దీనమ్మ వడ్డించింది. కెజియాకి వడ్డించేటప్పుడు కావాలనే ఇంకో గరిటె ఎక్కువ వేసింది. ఇంకో మూడు రోజుల్లో ఓడిపోబోయే మనిషి మీద అంతమాత్రం దయ చూపడం కష్టం కాదు.

ఏలీశమ్మ మొదటి ముద్ద బుగ్గన పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"దీనమ్మా, నాకు పళ్ళు లేవు గాని నీ మెతుకులకి ఉన్నాయే."

"ఊరుకో అత్తా," అంది కెజియా. "బాగుంది చిన్నత్తా. కొంచెం పలుకు తగులుతోంది, అంతే."

ఆ పిల్ల అంత మెత్తగా అనడమే దీనమ్మకి కారం రాసినట్టయింది. తన పళ్ళెంలో నొక్కి చూసుకుంది. ఒక మెతుకు జావ, పక్కది రాయి.

లోయిసమ్మగారు తలెత్తకుండా అడిగారు. "పట్టి చూశావా?"

"చూశానండి. మెత్తగా నలిగింది."

"ఎన్ని పట్టావు?"

"ఒకటే. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే పట్టి చూస్తాను."

"మీ ఇంట్లో బియ్యం ఎక్కడివి?"

"ఒకే బస్తావి. మా చేలోవే." అని చెబుతుండగానే దీనమ్మకి మేకుకున్న సంచి గుర్తొచ్చి మాట ఆగిపోయింది. అందులో తన సన్న బియ్యం ఉన్నాయి, ఎవరివో కోటా బియ్యం ఉన్నాయి, నిరుటి పాతవి ఉన్నాయి, మొన్న నూర్చిన కొత్తవి ఉన్నాయి. ఊరు ఊరంతా ఆ గిన్నెలో ఉంది. తను పట్టి చూసింది ఒక్క ఇంటి మెతుకు.

ఏలీశమ్మ ఊరుకోలేదు. "ప్రతిదీ పట్టి పట్టి అడిగే మనిషివి. అన్నం దగ్గరకొచ్చేసరికి అంత నమ్మకం ఎట్టా వచ్చిందే నీకు?"

కెజియా నవ్వాపుకుంది. అది చాలు. ఆదివారం దాకా దాచుకోవాలనుకున్నది దీనమ్మ నోట్లోంచి దానంతటదే దూకేసింది.

"పట్టి చూడాల్సినవి అన్నం మెతుకులేనా అక్కా? మీ కోడలి సాక్ష్యం కూడా పట్టి చూశాను. ఆ గొంతు దేవుడిది కాదు. నాంచారమ్మది. పిలిచింది మీ కోడల్ని కాదు, చూలు గేదెని."

చెప్పవలసినదంతా చెప్పింది. పాక, గోడ, గాలి, మాటకి మాట. చెబుతున్నంతసేపూ తన తర్కం ఎక్కడా జారలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. చెప్పడం అయ్యాక కెజియా వైపు చూసింది. చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకున్న మొహం అది.

కెజియా చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "గేదెనా?" అంది.

"గేదెనే. వెళ్ళి అడుగు."

"అంటే..." ఆ పిల్ల ఎవరి వైపూ చూడలేదు. "అంటే ఆ పొద్దు నాతో ఎవరూ మాట్లాడలేదా?"

తిరునాళ్ళలో పట్టుకున్న చెయ్యి అమ్మది కాదని తెలిసిన పసిపిల్ల అలా ఉంటుంది. దీనమ్మ ఆ మొహాన్ని చూసింది. అనుకున్నంత తియ్యగా లేదు. అలాగని లోపలి సెగ తగ్గిందా అంటే, అదీ లేదు. మనిషి మనసు ఏ మట్టితో చేశాడో ఆయనకే తెలియాలి.

దీనమ్మ లోయిసమ్మగారు తనని కోప్పడతారని చూసింది. ఆమె కోప్పడలేదు.

"దీనమ్మ చెప్పింది ఉన్నమాటే," అన్నారు. "ఆదివారం గేదె సంగతి కూడా చెప్పాలి కెజియా. దేవుడికి మనం కల్పించిన సాక్ష్యం అక్కర్లేదు."

"నేను కల్పించలేదు అమ్మగారూ. విన్నదే చెప్పాను."

"విన్నావు. ఎవరిదో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా దాచుకుంటే అప్పుడది కల్పన." తర్వాత దీనమ్మ వైపు తిరిగారు. "ఇంకేం అడిగావు?"

"ఇంకేముందండి అడగడానికి?"

ఏలీశమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. ఆ నోట్లో ఈసారి వేళాకోళం లేదు.

"అడగాల్సింది నన్ను. నా ఇంటి గోడ, నా మంచం. అందరూ దాన్నే అడుగుతారు, నన్నెవరూ అడగరు."

"అత్తా, వద్దు," అంది కెజియా.

"ఏం వద్దు? నేనేం చచ్చాక చెబుతానా?" ఏలీశమ్మ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. "ఇది బయటికి పోయింది. నేను మంచంలోంచి చూస్తానే ఉన్నా. మా తమ్ముడి కూతుర్ని చేసుకోవాల్సిన ఇంట్లోకి ఇది వచ్చిందని, పెళ్ళైన కాడ్నించీ దీన్ని పేరు పెట్టి పిలవలా. మంచినీళ్ళు కావాలంటే చెంబు చప్పుడు చేసేదాన్ని. ఆ పొద్దు కాళ్ళు పట్టేసి లేవలేకపోయా. ఒక్క కేక వేస్తే వచ్చేది. వెయ్యలా. దీని పేరు పిలవడం కంటే గోడ మీద పడ్డా నయమే అనుకుని పళ్ళు లేని నోరు బిగించుకుని పడుకున్నా. ఇది మళ్ళీ లోపలికొచ్చింది. గోడ అప్పటికే వంగుతోంది. నన్ను మూటలా ఎత్తి చంకనేసుకుని పోయింది." ఆమె దీనమ్మ వైపు చూసింది. "బయటికి పిలిచింది గేదెగలామెనా, దేవుడా, నాకు తెలవదు. లోపలికి పిలిచింది ఎవరో అది కనుక్కో. నేనైతే కాదు."

దీనమ్మకి ప్రశ్న అడగకుండా ఉండటం చేతకాదు. ఈసారి గొంతు వేరే రకంగా వచ్చింది.

"ఎందుకు వెనక్కి వెళ్ళావు కెజియా?"

"తెలవదు చిన్నత్తా."

"మళ్ళీ ఏమన్నా వినపడిందా?"

"లేదు. గాలే."

"మరి ఇది కూడికలో చెప్పలేదేం?"

కెజియా ఏలీశమ్మ పళ్ళెంలో మజ్జిగ లేదని లేచి పోసింది.

దీనమ్మ కూర్చున్నచోటే విచారణ మొదలుపెట్టింది. మొగుడికి భయపడి వెళ్ళిందా? వాడు ఊళ్ళో లేడు, టైము చాలలేదంటే నమ్మేవాడు. ఊరివాళ్ళు ఏమన్నా అంటారనా? ఆ వానలో చూసినవాళ్ళు లేరు. మెప్పు కోసమా? మెప్పు వచ్చే ముక్కనే దాచేసిందే. పోనీ, పెంచిన తల్లి నేర్పిన మంచితనం అనుకుందామా? అయ్యుండొచ్చు. ఆ తల్లికి ఎవరు నేర్పారు? దీనమ్మ ఒక్కో కారణం తీసుకుని వేళ్ళ మధ్య నొక్కి చూసింది. కొన్ని నలిగాయి, కొన్ని నలగలేదు. ఏది తీసుకున్నా ఇంకా కొంత మిగిలిపోతూనే ఉంది. ఈసారి గోడ అవతల ఆమెకి ఏ గేదే దొరకలేదు. దేవుడే అని తేలిందా అంటే, అదీ తేలలేదు. తేలనిదాన్ని తేలిందనడం కూడా ఆమెకి చేతకాదు. ఇన్నాళ్ళూ తను అడగగలిగి కూడా ఈ ముక్క ఎందుకు అడగలేదో, అది మాత్రం బాగానే తేలింది.

లోయిసమ్మగారు గిన్నెలో మిగిలిన అన్నం చూపించి, "నిప్పులున్నాయిగా," అన్నారు. దీనమ్మ గరిటె అడుగంటా పోనిచ్చి తిరగేసింది. కాసిని వేడినీళ్ళు చిలకరించి, మూతపెట్టి, సన్నటి నిప్పుల మీద ఉమ్మగిల్లనిచ్చింది. నలుగురూ ఆ మూత చుట్టూ కూర్చున్నారు. ఆకలి మనుషులకి మాటలు ఎక్కువసేపు ఆగవు. ఏలీశమ్మ, గేదె పేరు చెప్పి తన కోడల్ని బయటికి లాగినందుకు నాంచారమ్మకి ఓ చెంబెడు తవుడు బాకీ పడ్డానంది. కెజియా ఏడుస్తూనే నవ్వింది. దీనమ్మ మూత తీసి, పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి నొక్కి చూసి మరీ వడ్డించింది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక గిన్నెలు తోముతూ అడిగింది. "అమ్మగారూ, నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు."

"ఆ సాక్ష్యం విన్నవాళ్ళందరూ ఒక మెత్తటి మెతుకు పట్టి చూసి, అన్నం ఉడికిందన్నారు. నేను కూడా. అడిగినదానివి నువ్వొక్కదానివే," అన్నారు లోయిసమ్మగారు. "అందుకే పొయ్యి నీ చేతికిచ్చాను."

ఆదివారం అయ్యగారి ముందు కెజియా లేచి నిలబడింది. గేదెతో మొదలుపెట్టింది. సంఘమంతా పకపకా నవ్వింది, అయ్యగారు కూడా నవ్వారు. వెనక్కి వెళ్ళిన సంగతి ఆమె చెప్పలేదు. అది ఏలీశమ్మ లేచి చెప్పింది, చెప్పడానికి ముందు "కెజియా, నా కర్ర అందుకో" అని అందరికీ వినపడేలా పిలిచింది. నవ్వినవాళ్ళ నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత లోయిసమ్మగారు కూడిక సంగతి చెప్పారు. కెజియా చదువుతుంది, దీనమ్మ అడుగుతుంది, అన్నారు.

ముందు కెజియా పేరే చెప్పారు. దీనమ్మ గమనించింది.

సోమవారం లోయిసమ్మగారు కంటి ఆపరేషనుకని పట్నం బయల్దేరారు. సంచి మోసుకుంటూ దీనమ్మ రేవు దాకా వెళ్ళింది. పడవ దగ్గరికి వచ్చాక ఇంక ఆపుకోలేకపోయింది.

"అమ్మగారూ, మీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను. నాకు ఇంకా కడుపు మండుతూనే ఉంది. గేదెని కనిపెట్టింది నేను. ఆ గేదెతో పేరు తెచ్చుకుంది ఆమె. ఇది తప్పని తెలుసు. తెలిసినా మండుతోంది."

లోయిసమ్మగారు నవ్వలేదు. వాపు తగ్గని చేత్తో దీనమ్మ భుజం పట్టుకుని పడవలోకి అడుగుపెట్టారు, చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చున్నారు. సంచి అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. పడవవాడు గెడ వేసి ఒడ్డుని తోశాక అన్నారు:

"మండనీ దీనమ్మా. దాని మీద నీ ఒక్కదాని కుండ పెట్టావో, అందరి కుండ పెట్టావో, అది చూసుకో."